ఉమ్మడి బరువు

అనగా అనగా అని మొదలుపెట్టేంత పాతకాలపు కథ కాదిది. ఇందులో ఫోన్లున్నాయి, డాక్టరమ్మ ఉంది, కరెంటుతో నడిచే కాటా కూడా ఉంది. తెలివొక్కటే లేదు. ఆ మాట మాత్రం గుండవరంలో కాటావారి గుమ్మం ముందు అనకండి. కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి మరీ దెబ్బలాడతారు.

కాటావారంటే గుండవరం బెల్లం యార్డులో తాతల నాటి నుంచీ తూకం వేసే కుటుంబం. ఇంటికి పెద్ద పైడంనాయుడు. ఆయన భార్య గైరమ్మ. తమ్ముళ్ళిద్దరు, నూకరాజు, సత్తిబాబు. నూకరాజుకి పెళ్ళి కాలేదు. సత్తిబాబుకి అయింది, అతని భార్య నీలవేణి కడుపుతో ఉంది. పైడంనాయుడి చెల్లెలు బంగారమ్మ మొగుడు పోయాక చంటిపిల్లతో పుట్టింటికి వచ్చేసింది. ఆ చంటిపిల్లే వరాలు, ఇప్పుడు పెళ్ళీడుకొచ్చింది. ఏడుగురికీ ఒకటే పొయ్యి, ఒకటే పొలం, ఒకటే ఒంటిసబ్బు.

తమంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల లేరని ఏడుగురికీ గట్టి నమ్మకం. అందులో గైరమ్మకి మరీను. ఎవరైనా ఒక మాట చెబితే దాన్ని పొల్లు పోకుండా, ఉన్నదున్నట్టు పట్టుకోవడం తమ ఇంటి గొప్ప అని ఆవిడ అందరికీ చెబుతుంది. ఒకసారి మబ్బు పట్టింది, గొడుగు తీసుకెళ్ళమంది నూకరాజుని. అతను తీసుకెళ్ళాడు. వానలో తడిసి ముద్దయి, పొడిగా ఉన్న గొడుగుని చొక్కాలో దాచుకుని తిరిగొచ్చాడు. చెప్పినదానికి పిసరంత కూడా ఎక్కువ చెయ్యడు మా మరిది అని గైరమ్మ ఆ రోజంతా మురిసిపోయింది.

ఇలాంటి ఇంట్లో వరాలుకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఈశ్వర్రావు బుద్ధిమంతుడు. ముహూర్తానికి ఇంకా నాలుగు నెలలుంది. అందరూ చీరల గురించి, వంటల గురించి మాట్లాడుకుంటుంటే పైడంనాయుడి మనసు మాత్రం బుట్ట మీద ఉంది. పెళ్ళికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావాలి కదా. బంగారమ్మ వచ్చేసిన రోజున బస్సు దిగిన చోటు నుంచి ఇంటిదాకా ఏడాది పిల్లని బెల్లం తట్టలో పెట్టుకుని మోసుకొచ్చింది ఆయనే. తెచ్చిన చేతులతోనే సాగనంపాలని ఆయన కోరిక. ఆ కోరిక తీరకపోతే పెళ్ళి జరిగినా ఆయనకి జరగనట్టే. అది గైరమ్మకి తెలుసు.

ముందుగా ఒకసారి చూసుకుందామని, వరాలంత బరువుకి బెల్లం దిమ్మలు తూచి బుట్టలో పేర్చారు. తమ్ముళ్ళు చెరో పక్కా పట్టారు. పైడంనాయుడు వంగి, పళ్ళు బిగించి, ఎత్తాడు. మోకాళ్ళు పటుక్కుమన్నాయి. అంతే, దిమ్మల మధ్యన కూలబడ్డాడు.

ఇంకేముంది, ఏడుగురూ ఆటో కట్టించుకుని పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మోకాళ్ళు నొక్కి చూసింది, పొట్ట చూసింది, మిషనెక్కించి చూసి నిట్టూర్చింది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, మోసే ఒళ్ళే ఎక్కువైంది అంది. నెలకి రెండు కిలోల చొప్పున తగ్గితే పెళ్ళినాటికి ఎనిమిది కిలోలు తగ్గుతారు, అప్పుడు బుట్ట మొయ్యొచ్చు, అందాకా మోకాళ్ళ మీద బరువు పడకూడదు అంది. ఎలా తగ్గాలో కూడా ఓపిగ్గా చెప్పింది. తిన్న తిండిలో క్యాలరీలుంటాయి, ఒళ్ళు వాటిని ఖర్చు పెడుతుంది, తినేదానికంటే ఖర్చు కాస్త ఎక్కువుంటే ఆ లోటుని కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. అలాగని కడుపు మాడ్చుకోకూడదు. లోపల పొయ్యిలాంటిది ఒకటుంటుంది, మాడిస్తే అది మందగిస్తుంది, కాబట్టి పొయ్యి ఆరనివ్వకండి. ఒక్కసారిగా తగ్గితే ప్రమాదం, గబగబా పోయిన బరువు రెండింతలై తిరిగొస్తుంది. బెల్లం ముట్టుకోవద్దు.

గైరమ్మ ప్రతి మాటా పెదాలు కదుపుతూ బట్టీ పట్టింది. చివర్లో డాక్టరమ్మ అందరి వైపూ చూసి, "ఇది ఆయనొక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇంటిల్లిపాదీ కలిసి చెయ్యాలి" అంది.

పాపం, ఆవిడ మంచికే అంది.

ఇంటికొచ్చాక వసారాలో కూర్చున్నారు. ఎనిమిది కిలోలు ఎక్కణ్ణుంచి తగ్గించాలన్నది ప్రశ్న. అన్నయ్య నుంచే అని బంగారమ్మ అంది. సత్తిబాబు నవ్వాడు. ఇంట్లో ఎక్కువ తెలివి అతనిదే అని పేరు.

"లారీలో లోడు తూసినప్పుడు ఒక్కో దిమ్మా దింపి తూస్తామేటి అక్కా? లోడు మొత్తం తూస్తాం. మనమూ ఒక లోడే. ఇంట్లో ఏది ఒకడిది సెప్పు? పొలం ఉమ్మడి, పొయ్యి ఉమ్మడి. బరువొక్కటీ అన్నయ్యది ఎలాగవుద్ది? డాక్టరమ్మ కూడా అందరూ కలిసి సెయ్యాలనే అంది కదా."

గైరమ్మకి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత న్యాయమైన మాట ఆవిడ వినలేదు. అప్పటికప్పుడు ఏడుగురూ యార్డుకి వెళ్ళి, బెల్లం బండ్లు తూచే పెద్ద కాటా మీద ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఎర్రంకెలు వచ్చాయి. నాలుగు వందల ముప్పై. ఇందులో ఎనిమిది పోవాలి, అంతే కదా, ఇదెంత పని అనుకున్నారు.

ఇక పనులు పంచుకున్నారు. తినేదానికంటే ఖర్చు ఎక్కువుండాలంది డాక్టరమ్మ. ఇంటిపెద్ద తినకుండా ఉంటే ఇంటికి అరిష్టం. కాబట్టి తినడం పైడంనాయుడి వంతు. ఖర్చు నూకరాజు వంతు. లోటు ఇంటిది. పైడంనాయుడికి తమ్ముడి మీద జాలేసి, నీకు కష్టమవుద్దిరా అన్నాడు. "నువ్వు నాకోసం తింటన్నావ్ కదా అన్నయ్యా, నీకోసం నాను ఆమాత్రం పరిగెట్టలేనా" అన్నాడు నూకరాజు. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. గైరమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ మర్నాటి నుంచి గుండవరంలో కొత్త వింత మొదలైంది. పైడంనాయుడు పీట మీద కూర్చునేవాడు. పెరట్లో నూకరాజు పంచె ఎగ్గట్టి సిద్ధంగా నిలబడేవాడు. ఆయన ఒక గారె నోట్లో పెట్టుకోగానే గైరమ్మ కిటికీలోంచి గారె అని కేకేసేది. అంతే, నూకరాజు చెరకు గానుగ దాకా పరిగెత్తి వచ్చేవాడు. ఇంకో గారె. ఇంకో పరుగు. పులిహోర రోజైతే అతను ఇంటికి తిరిగొచ్చేసరికి సందె పడేది. ఎదురొచ్చినవాళ్ళు ఏమయిందిరా, ఎవరికైనా ఒంట్లో బాలేదా అని కంగారుపడితే, ఆగకుండానే, అన్నయ్య రెండోసారి పెరుగు వేయించుకున్నాడండీ అని చెప్పి వెళ్ళిపోయేవాడు.

బెల్లం దగ్గర కొంచెం చిక్కొచ్చింది. బెల్లం ముట్టుకోవద్దంది డాక్టరమ్మ. పైడంనాయుడికి పానకం లేనిదే పొద్దు గడవదు. గైరమ్మ ఆలోచించి, ఆయన చేత్తో ముట్టుకోకుండా తనే తాగిస్తానంది. మరి పెదవి ముట్టుకుంటుంది కదా అని బంగారమ్మ అనుమానం. మంచి అనుమానమే. అప్పుడు గైరమ్మే దారి కనిపెట్టింది. ఎంగిలి కాకుండా నీళ్ళు తాగేటప్పుడు చెంబు పైకెత్తి గొంతులో పోసుకుంటాం కదా, అలా పోస్తే పెదవికి తగలదు. ఆ రోజు నుంచి ఆవిడ పీటెక్కి నిలబడి, కింద నోరు తెరిచిన మొగుడి గొంతులోకి చెంబెడు పానకం ధారగా పోసేది. ఒక్క చుక్క పెదవికి తగిలినా తడిగుడ్డతో తుడిచేసేది. డాక్టరమ్మ మాటంటే ఆవిడకి అంత భయభక్తులు.

నెల తిరిగింది. అందరూ కాటా ఎక్కారు. సరిగ్గా రెండు కిలోలు తగ్గింది. నూకరాజు వెదురుబద్దలా అయ్యాడు, పైడంనాయుడికి చొక్కా బొత్తాలు పట్టడం మానేశాయి, అయినా లోడు రెండు కిలోలు తగ్గింది. గైరమ్మ డాక్టరమ్మకి ఫోన్ చేసి, చెప్పినట్టే చేస్తున్నాం, రెండు కిలోలు తగ్గాం అని చెప్పింది. చాలా బాగుంది, ఇలాగే చెయ్యండి అంది ఆవిడ.

ఇలాగే చెయ్యమందా, ఇంకేముంది. నూకరాజు ఇంకా పరిగెత్తాడు, పైడంనాయుడు ఇంకా తిన్నాడు. మోకాళ్ళు మాత్రం తగ్గినట్టు లేవే అని ఆయన ఒకరోజు మెల్లగా అన్నాడు. గైరమ్మ ఆయన మోకాళ్ళ వైపు కోపంగా చూసింది. ఇంటిల్లిపాదీ తగ్గుతుంటే వీటికేమొచ్చింది అని.

ఈలోగా నీలవేణిని పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళారు. ఆ వారం కాటా ఎక్కితే అంకెలు చూసి అందరి గుండెలూ జారిపోయాయి. ఒక్క వారంలో అరవై కిలోలు తగ్గిపోయింది.

ఒక్కసారిగా తగ్గితే ప్రమాదమని డాక్టరమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. సత్తిబాబు ఒళ్ళంతా తడుముకుని చూసుకున్నాడు, ఎక్కడ నుంచి పోయిందా అని. బంగారమ్మకి నీరసం కూడా వచ్చేసింది. గైరమ్మ మజ్జిగ కలిపి అందరికీ ఇచ్చింది. చివరికి సత్తిబాబే, తగ్గిన జాగాని పూడిస్తే ప్రమాదం తప్పుతుందన్నాడు. బెల్లం బస్తా పెడదామంటే ముట్టుకోకూడదు. అందుకని సంతకెళ్ళి ఒక పొట్టేలుని తెచ్చారు. బాగా మేపిన పొట్టేలు. దాన్ని మధ్యలో నిలబెట్టి తూస్తే లోడు మళ్ళీ దారికొచ్చింది, అందరికీ ఊపిరాడింది. ఆ పొట్టేలుకి బొట్టు పెట్టి ఉమ్మడిలో కలిపేసుకున్నారు. అది కూడా త్వరలోనే అలవాటుపడి, కాటా కనిపిస్తే చాలు తనంతట తనే ఎక్కి నిలబడేది.

తర్వాత నీలవేణి తిరిగొచ్చింది. ఒక్కతే రాలేదు. ఒళ్ళో చంటివాడు, వెనక వాళ్ళమ్మ, ఆవిడ వెనక సున్నుండల డబ్బా. కాటా ఎక్కి చూస్తే పోయిన అరవై స్థానంలో ఇంచుమించు దానికి రెండింతలు వచ్చి కూర్చుంది.

గైరమ్మ చేతులెత్తి పట్నం వైపు దణ్ణం పెట్టింది. గబగబా పోయిన బరువు రెండింతలై తిరిగొస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. కళ్ళతో చూసినట్టు ఎలా చెప్పిందో, ఆవిడ డాక్టరు కాదు, దేవత అని ఇంట్లో అందరూ అనుకున్నారు. పొట్టేలుని తిరిగి అమ్మేద్దామా అని బంగారమ్మ అడిగితే పైడంనాయుడు నొచ్చుకున్నాడు. ఇంట్లో కలుపుకున్నవాణ్ణి బరువైపోయాడని బయటికి పంపిస్తారా ఎవరైనా.

లోడు పెరిగిందంటే లోపం ఎక్కడో ఉండాలి. గైరమ్మ తను బట్టీ పట్టిన మాటలన్నీ మొదట్నుంచీ చదువుకుంటూ వచ్చింది. పొయ్యి దగ్గర ఆగింది. పొయ్యి ఆరనివ్వకండి అంది డాక్టరమ్మ. తనేమో ఏ పూటకా పూట వంటవగానే నీళ్ళు చల్లి పొయ్యి ఆర్పేస్తోంది. తప్పంతా తనదేనని తెలిసి ఆవిడ నిజంగా ఏడ్చింది. తన వల్లే మొగుడి మోకాళ్ళు ఇలా అయ్యాయని, తన వల్లే ఆయన బుట్ట మొయ్యలేకపోతాడని కుమిలిపోయింది. ఆ పూటే చెరకు పిప్పి బండెడు తెప్పించి పెరట్లో పోయించింది. అంతే, కాటావారి పొయ్యి మళ్ళీ ఆరలేదు.

అయితే వట్టి పొయ్యి మండుతుంటే చూడ్డానికి బాగుండదు. అందుకని దాని మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతుండేది. ఉడికిందాన్ని పారెయ్యకూడదు. పైడంనాయుడు తినేవాడు. తినేది పెరిగింది కాబట్టి ఖర్చూ పెరగాలి. నూకరాజు గానుగ దాటి, కాలవ దాటి, పక్క ఊరి పొలిమేర దాకా పరిగెత్తి, ఒకరోజు జంతికల వేళ దారిలోనే పడిపోయాడు. అతన్ని మంచం మీద వేసి, ఎవరు పరిగెత్తాలి అని ఆలోచిస్తే పొట్టేలు కనిపించింది. అది కూడా ఉమ్మడిలోదే కదా. ఆనాటి నుంచి పైడంనాయుడు జంతిక కొరికితే పొట్టేలుని తరిమేవాళ్ళు.

ఇన్ని చేసినా పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం మళ్ళీ బుట్ట ఎత్తబోతే, లేవలేదు. బుట్ట కాదు, పైడంనాయుడే లేవలేదు. మోకాళ్ళ మీద చేతులేసుకుని, పందిరి కింద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముళ్ళు మొహాలు తిప్పుకున్నారు. గైరమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి రాలేదు. వస్తే పొయ్యి ఆరిపోతుందేమోనని భయం, అక్కడే కూర్చుని ఆవిడా ఏడ్చింది.

వరాలు వచ్చి మేనమామ పక్కన కూర్చుంది. చేతులకి గోరింటాకు, మోచేత్తోనే ఆయన కళ్ళు తుడిచింది.

"నువ్వు మొయ్యకపోతే ఏటి మావయ్యా, నా పక్కన నడిసి రా. సాలు."

"తట్టలో తెచ్చాను తల్లీ నిన్ను" అన్నాడాయన. "బుట్టలో దింపకపోతే ఆ తట్ట ఇంకా నా నెత్తి మీదే ఉన్నట్టుంటాది."

ఆ మాటకి సత్తిబాబు లేచి పందిట్లో పచార్లు చేశాడు. అతను పచార్లు చేస్తున్నాడంటే ఏదో ముంచుకొస్తోందన్నమాటే. ఆచారం ప్రకారం మండపంలోకి ఏమేం రావాలని పురోహితుడన్నాడో ఒకసారి చెప్పమన్నాడు. మేనమామ, బుట్ట, పెళ్ళికూతురు అని పొయ్యి దగ్గర నుంచే చెప్పింది గైరమ్మ. మూడూ కలిసి రావాలి, అవునా. అవును. డాక్టరమ్మ ఏమంది, మోకాళ్ళ మీద బరువు పడకూడదంది. అవును. మోకాళ్ళ మీద బరువు ఎప్పుడు పడదు, కూర్చుంటే పడదు. బుట్టలో కూర్చోవాల్సింది అన్నయ్య.

ఇంత సులువైన సంగతి నాలుగు నెలలుగా తట్టలేదేమిటా అని గైరమ్మకి ఆశ్చర్యం. పోనీ పెళ్ళికూతురైనా అడ్డు చెప్పిందా అంటే, వరాలు కూడా ఆ ఇంటి తిండి తిని పెరిగిన పిల్లే కదా. నేనొక పక్క పట్టుకుంటాను మావయ్యా అంది సంతోషంగా.

మర్నాడు పొద్దున్న ముహూర్తం. ఈశ్వర్రావు మండపంలో కూర్చున్నాడు, ఎదురుగా తెర పట్టారు. తెరకి ఇవతల నుంచి బుట్ట రావాలి. లోపల గదిలో పైడంనాయుణ్ణి బుట్టలో కూర్చోబెట్టడానికి చాలాసేపు పట్టింది. అది వరాలు కొలతకి అల్లించిన బుట్ట. ఇద్దరు అదిమితే, ఒకరు భుజాల మీద నొక్కితే, చివరికి జరజరా దిగాడు. పెళ్ళికూతురి చేతిలో ఉండాల్సిన కొబ్బరిబోండాం ఆయన చేతిలో పెట్టారు. సత్తిబాబు, యార్డు కళాసీలు ముగ్గురు, మంచం మీద నుంచి లేచొచ్చిన నూకరాజు, పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపుకున్న వరాలు, అందరూ చుట్టూ పట్టి లేపారు. రెండడుగులు వేసి దించుతున్నారు, ఊపిరి తీసుకుని మళ్ళీ లేపుతున్నారు. అవతల పురోహితుడు ముహూర్తం దాటిపోతోందని కేకలు. బుట్ట తెర వెనక్కి రావడం, ఘడియ రావడం ఒకేసారి అయింది. బాజాలు మోగిపోతున్నాయి. పెట్టు బాబూ, పెట్టు అన్నాడు పురోహితుడు.

ఈశ్వర్రావు తెర మీదుగా చెయ్యి చాచి జీలకర్ర బెల్లం పెళ్ళికూతురి నడినెత్తిన పెట్టాడు. నెత్తి నున్నగా తగిలింది. పాపం, తలకి నూనె బాగా పట్టించారు అనుకున్నాడు. పురోహితుడు తమలపాకులో మిగతా ముద్ద తెర ఇవతలికి అందించి, అమ్మాయీ, నువ్వు కూడా పెట్టమ్మా అన్నాడు.

"నాను ముట్టుకోకూడదండీ, డాక్టరమ్మ వద్దంది" అని తెర వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది.

బాజాలు ఆగిపోయాయి. తెర జారిపోయింది. బుట్టలో పైడంనాయుడు, బట్టతల మీద జీలకర్ర బెల్లం, చేతిలో కొబ్బరిబోండాం. పక్కన పెళ్ళికూతురు బుట్ట అంచు పట్టుకుని చెమటలు తుడుచుకుంటోంది. ఈశ్వర్రావు అటూ ఇటూ చూసి, తన చెయ్యి వైపు చూసుకున్నాడు. గైరమ్మకి మాత్రం గుండె గుభేలుమంది. నాలుగు నెలలు కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చిన మొగుణ్ణి చివరి నిమిషంలో బెల్లం ముట్టుకుంది. తడిగుడ్డ, తడిగుడ్డ అని పరిగెత్తుకొచ్చి ఆయన నెత్తి గబగబా తుడిచేసింది.

పురోహితుడు అనుభవజ్ఞుడు. ఘడియ ఇంకా మిగిలుంది, పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టండి అన్నాడు. పైడంనాయుడు లేవబోయాడు. బుట్ట కూడా లేచింది. ఇద్దరు బుట్ట పట్టుకుని ముగ్గురు ఆయన్ని లాగారు, కదల్లేదు. బుట్ట కోసేద్దామన్నారు మగపెళ్ళివారు. శుభమా అని తెచ్చిన బుట్టకి కత్తి పెడతారా అని గైరమ్మ అడ్డంగా నిలబడింది. ఘడియ జారిపోతోంది.

అప్పుడు వరాలు ఎవర్నీ అడక్కుండా కుచ్చెళ్ళు దించుకుని, వెళ్ళి మేనమామ ఒళ్ళో కూర్చుంది.

అలా జరిగింది పెళ్ళి. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అన్నీ ఆయన ఒళ్ళోనే. పైడంనాయుడు మేనకోడలి భుజాల మీదుగా పెళ్ళంతా చూశాడు. పిల్ల బరువంతా తన మీదే ఉంది. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకుందామంటే చేతులు పిల్ల కింద ఇరుక్కుపోయాయి. దించుకున్నానే గైరమ్మా, తట్ట దించుకున్నాను అన్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో గైరమ్మ తన పెళ్ళినాడు కూడా చూడలేదు. ఎంత వెర్రివాళ్ళయితేనేం, ఆ ఘడియలో పందిట్లో ఏడవనివాళ్ళు లేరు.

అప్పగింతలయ్యాయి. వరాలు మేనమామ మెడ పట్టుకుని ఎంతకీ వదల్లేదు. మగపెళ్ళివారి వ్యానుకి ఆలస్యమైపోతోంది. ఈశ్వర్రావు తండ్రి పొద్దుట్నుంచీ ఈ ఇంటి ఆచారాలు చూసి చూసి అలిసిపోయి ఉన్నాడు. ఇది కూడా ఒకటి కాబోలు అనుకుని, బుట్టతో సహా ఎక్కించెయ్యండి అన్నాడు. ఇంకేముంది, ఎక్కించేశారు. వ్యాను వెళ్ళిపోయింది, వెనక అద్దంలోంచి పైడంనాయుడు కొబ్బరిబోండాం ఊపుతూ కనిపించాడు.

సాయంత్రం సత్తిబాబు వచ్చి, బెల్లం ముట్టుకున్నందుకు ఎంత పెరిగిందో చూసుకోవాలి కదా వదినా అన్నాడు. మిగిలినవాళ్ళందరూ యార్డుకెళ్ళారు. పొట్టేలు ముందే ఎక్కి నిలబడింది. అంకెలు చూసి గైరమ్మ కాటా మీదే కూలబడింది. వరాలు బరువు పోయింది, ఇంటిపెద్ద బరువు పోయింది. ఒక్క పూటలో నూటేభై కిలోల పైచిలుకు. ప్రమాదం. ఘోర ప్రమాదం.

సత్తిబాబే ఆవిడకి ధైర్యం చెప్పాడు. "భయమెందుకు వదినా. గబగబా పోయిన బరువు ఏటవుద్దన్నాది డాక్టరమ్మ? రెండింతలై తిరిగొస్తాది. నీలవేణి రాలేదా?"

అంతే, గైరమ్మ కన్నీళ్ళు తుడుచుకుని లేచింది. ఇంటికెళ్ళి పొయ్యిలో పిప్పి ఎగదోసి పెద్ద గుండిగ ఎక్కించింది. సత్తిబాబు మేస్త్రీని పిలిపించి వీధి గుమ్మం పగలగొట్టించి వెడల్పు చేయించాడు. గైరమ్మ వసారాలో పక్కపక్కన రెండు పీటలు వేసి, రెండు విస్తళ్ళు పరిచి, రెండు చెంబుల్లో పానకం కలిపి పెట్టింది. ఇద్దరొస్తే ఏ ఆయన్ని ఏమండీ అనాలో, ఏ ఆయన్ని బావగారూ అనాలో తెలియక గుమ్మంలో నిలబడి తెగ సిగ్గుపడుతోంది.

నూకరాజు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఇద్దరన్నయ్యల తిండికి ఒక్కడే పరిగెత్తాలి కదా అని, పంచె ఎగ్గట్టి, పొట్టేలుని వెంటేసుకుని, అప్పుడే గానుగ దాటిపోయాడు.